రెండు నెట్‌లు ఉన్నా బావగారి నెట్టే వాడుతున్నానట!

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఉమ్మడి కుటుంబం. కింద బావగారు, యారాలు, అత్తమ్మ, మామయ్య ఉంటారు. పైన ఈమె, భర్త, ఒకటో తరగతి చదివే పాప. బావగారు కింది ముందుగదిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతారు. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, జిరాక్స్, ప్రింట్లు అక్కడి పని. ఈమె హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే పనిచేస్తారు. ల్యాప్‌టాప్ సొంతది, విండోస్, దాని మీద కంపెనీ వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి). మొదట్లో బావగారి ఫైబర్ రౌటర్ నుంచి మేడ మీదికి ఒక లాన్ కేబుల్ లాక్కున్నారు. మధ్యాహ్నం కింద రద్దీ మొదలవగానే మీటింగుల్లో ఈమె మాట తెగిపోయేది. మేనేజర్ గట్టిగా అడగడంతో, భర్త పైన వేరే కంపెనీ కనెక్షన్ పెట్టించారు. ఈమె పాత కేబుల్ అలాగే ఉంచి కొత్త వైఫై కూడా ఆన్ చేశారు. రెండూ కలిసి స్పీడు రెట్టింపు అవుతుందని ఆశ.

కాలేదు. స్పీడ్ టెస్టులో పాత అంకే వచ్చింది. మధ్యాహ్నం మాట తెగడం ఆగలేదు. ఒకరోజు కోతులు స్తంభం దగ్గర తీగ తెంపితే కింద నెట్ పోయింది. పైన వైఫై గీతలు నిండుగా ఉన్నా ఈమె మీటింగ్ కూడా ఆగిపోయింది. కేబుల్ పీకితే వచ్చింది. తర్వాత భర్త ఏదో వీడియో చూసి సెట్టింగుల్లో ఒక నంబర్ మార్చారు. మీటింగులు బాగుపడ్డాయి గానీ, కింద ఉన్న ప్రింటర్ పలకడం మానేసింది. పాప వర్క్‌షీట్లు ఆగిపోయాయని మళ్లీ పాత నంబరే పెట్టారు.

అసలు బాధ ఇది కాదు. బావగారు ఈమెతో నేరుగా అనలేదు, తమ్ముడితో అన్నారు: "మీకు సపరేట్ కనెక్షన్ ఉంది కదరా, మళ్ల నా నెట్ మీదనే ఎందుకు పడుతున్నరు? చివరి తేదీ రోజు ఒక్క ఫారం అప్‌లోడ్ కాలే." ఈమె, "మేం మాదే వాడుతున్నం" అని భర్తతో చెప్పించారు. ఆయన నమ్మలేదు. పోనీ కేబుల్ తీసేద్దామంటే అత్తమ్మ, "ఇయ్యాల వైరు, రేపు పొయ్యి" అన్నారట. రెండింట్లో ఒకటి తీసెయ్ అని భర్త పోరు. ఉత్తరం చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు. ఏది తీసెయ్యాలి? అబద్ధం చెప్పలేదని ఎలా చూపించాలి? ఈ గొడవంతా ఎందుకు, హైదరాబాద్‌లో హాస్టల్ చూసుకోనా?

సమాధానం:

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మిమ్మల్ని ఎక్కువ నొప్పించింది అదే కాబట్టి. మీరు అబద్ధం చెప్పలేదు. బావగారు అన్నదీ తప్పు కాదు. కొత్త కనెక్షన్ వచ్చిన తర్వాత కూడా మీ ల్యాప్‌టాప్ ఆయన నెట్టే వాడింది. ఆ సంగతి మీకు తెలిసే వీలు లేకుండా వాడింది.

కంప్యూటర్‌కు రెండు దారులు చూపిస్తే అది రెండింటినీ కలుపుకోదు, ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఎంచుకోవడానికి ప్రతి కనెక్షన్‌కూ ఒక నంబర్ వేసుకుంటుంది. దాన్ని మెట్రిక్ అంటారు. ఏ నంబర్ చిన్నదైతే బయటికి పోయేదంతా ఆ దారినే పోతుంది. విండోస్ 10, 11లలో ఒక గిగాబిట్ కేబుల్‌కు సాధారణంగా 25 పడుతుంది, ఇళ్లలో వాడే వైఫైకి మామూలుగా అంతకంటే ఎక్కువ పడుతుంది. మీవారు మార్చిన నంబర్ ఇదే. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్‌లో చాలాచోట్ల కేబుల్‌కు 100, వైఫైకి 600 వేసి ఉంటుంది. మొత్తానికి కేబుల్‌కే పెద్దపీట.

తిరకాసు ఎక్కడుందంటే, విండోస్ ఆ నంబర్ వేసేది మీ ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఉన్న వేగం చూసి. రౌటర్ దాటాక బయట ఏం జరుగుతోందో ఆ లెక్కలోకి రాదు. కింద సెంటర్‌లో పదిమంది ఫారాలు ఎక్కిస్తున్నా, మీ కేబుల్ మాత్రం "నేను గిగాబిట్" అనే చెబుతుంది. వైఫై గీతల సంగతీ అంతే. అవి మీకూ రౌటర్‌కూ ఉన్న దూరం చెబుతాయి తప్ప నెట్ ఉందో లేదో చెప్పవు.

కోతులు తీగ తెంపిన రోజు జరిగింది ఇదే. తెగింది వీధిలో. ఇంట్లో బావగారి రౌటర్‌కు కరెంటు ఉంది, మీ కేబుల్‌కు ప్రాణం ఉంది. కాబట్టి ల్యాప్‌టాప్ ఆ మూసుకుపోయిన దారినే పట్టుకుని కూర్చుంది. అదే కింద కరెంటు పోయి రౌటరే ఆరిపోయి ఉంటే, కేబుల్ చచ్చిందని వెంటనే తెలిసి తనంతట తాను వైఫైకి మారేది.

మరి స్పీడు ఎందుకు కలవలేదు? హైదరాబాద్ వెళ్లడానికి కాజీపేటలో రైలు టికెట్, హనుమకొండలో బస్సు టికెట్ రెండూ కొన్నారనుకోండి. మీరు సగం సమయంలో చేరరు కదా, ఎక్కేది ఒకదాన్నే. వీడియో మీటింగ్ ఒక్క ప్రయాణికుడి లాంటిది. అది ఒక చిరునామా నుంచి మొదలైతే చివరిదాకా ఆ చిరునామాతోనే నడవాలి. మీ రెండు కనెక్షన్లు రెండు వేర్వేరు కంపెనీలవి, బయటి లోకానికి రెండు వేర్వేరు చిరునామాలు. మధ్యలో దారి మారితే అవతలివాళ్లకు మీరు కొత్త మనిషి. వీపీఎన్ తెగి మళ్లీ లాగిన్ అడిగేది అందుకే.

ఒకే పనిని రెండు దారుల్లో నడిపించే పద్ధతి అసలు లేదని కాదు. మల్టీపాత్ టీసీపీ అని ఒకటుంది. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో, ఐఫోన్‌లో మాటలకు జవాబిచ్చే సిరి కోసం దాన్ని వాడింది, 2020లో లినక్స్ కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) 5.6లోకి వచ్చింది. కానీ అది మీ దగ్గరా, అవతలి సర్వర్ దగ్గరా రెండు చోట్లా ఉండాలి. మీ కంపెనీ వీపీఎన్ దానికి సిద్ధంగా ఉంటుందని పెట్టుకోకండి. డబ్బు తీసుకుని రెండు నెట్‌లను కలిపే సాఫ్ట్‌వేర్లూ దొరుకుతాయి. అవి మీ రాకపోకలన్నీ తమ సర్వర్ మీదుగా నడుపుతాయి. ఆఫీసు పని ఉన్న ల్యాప్‌టాప్‌లో కంపెనీని అడగకుండా అలాంటివి పెట్టడం నాకు నచ్చదు.

ఇక రుజువు. మీటింగ్ జరుగుతుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ అనే చోట ఈథర్నెట్, వైఫై రెండూ వేర్వేరుగా కనిపిస్తాయి. ఏ గీత ఎగురుతోందో అదే మీరు వాడుతున్న నెట్. మీవారిని పక్కన కూర్చోబెట్టి చూపించండి. తర్వాత కేబుల్ పీకి, గీత వైఫై మీదికి మారడం కూడా చూపించండి. ఆయన వెళ్లి అన్నతో, "అన్నా, నువ్వన్నదే నిజం, మాకు తెల్వలే, ఇట్ల అయింది" అని చెప్తే సగం వేడి అక్కడే దిగుతుంది. మీరు కిందికి వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పనిలేదు. ఆయన మాట అన్నది తమ్ముడితో, జవాబు కూడా తమ్ముడి నుంచే వెళ్లడం బాగుంటుంది.

అయితే బావగారి నష్టమంతా మీ నెత్తిన వేసుకోకండి. వీడియో మీటింగ్‌కు మామూలుగా రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. ఫైబర్ కనెక్షన్‌ను కూల్చేంత బరువు కాదది. మీ ల్యాప్‌టాప్‌లో ఫొటోలు బ్యాకప్ అవుతున్నా, విండోస్ అప్‌డేట్ దిగుతున్నా అది వేరే కథ, చూసుకోండి. దరఖాస్తుల చివరి తేదీన ఆ వెబ్‌సైట్లే ఎంత నత్తనడకన నడుస్తాయో సెంటర్ నడిపే ఆయనకు మీకంటే బాగా తెలుసు. కోపంలో ఉన్నప్పుడు గుర్తుండదు, అంతే.

ప్రింటర్ ముడి నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. నంబర్ మారిస్తే మీటింగ్ బాగుపడి ప్రింటర్ ఎందుకు పోయింది? మీ రెండు రౌటర్ల వెనక అంటించిన చీటీలు చూడండి. రెండింటి మీదా 192.168.1.1 అనే ఉంటుందని నా అనుమానం. చాలా కంపెనీలు అదే చిరునామాతో రౌటర్లు ఇస్తాయి. అప్పుడు కింద ఇల్లు, పైన ఇల్లు రెండూ ల్యాప్‌టాప్‌కు ఒకే వీధిలా కనిపిస్తాయి. ప్రింటర్ 192.168.1తో మొదలయ్యే చిరునామాలో ఉంది. ఆ వీధి కేబుల్ వైపూ ఉంది, వైఫై వైపూ ఉంది. చిన్న నంబర్ ఎటు ఉంటే అటు వెళ్లి వెతుకుతుంది. మీవారు వైఫైకి చిన్న నంబర్ ఇచ్చారు, అది పైన వెతికింది. ప్రింటర్ కింద ఉంది.

దీనికి మందు సులువే. మీ పై రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, లాన్ చిరునామాను, అంటే ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో ఆ రౌటర్‌కు ఉన్న చిరునామాను, 192.168.50.1 లాంటి దానికి మార్చండి. బావగారి రౌటర్ జోలికి పోకండి. అక్కడ ప్రింటర్, సెంటర్ కంప్యూటర్లు అన్నీ పాత చిరునామా మీద కుదురుకుని ఉంటాయి, ఒక్కటి కదిలినా నింద మీ మీదే పడుతుంది. రెండు వీధులకు రెండు పేర్లు వచ్చాక, ప్రింటర్‌కు దారి బయటి నెట్ దారితో సంబంధం లేకుండా దానంతట అదే దొరుకుతుంది. మార్చిన తర్వాత పైన ఉన్న ఫోన్లు, టీవీ ఒకసారి వైఫై ఆపి మళ్లీ కలుపుకోవాలి. రౌటర్ పేజీ కూడా ఇకమీద కొత్త చిరునామాలోనే తెరుచుకుంటుంది, దాన్ని ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

ఇప్పుడు ఏది తీసెయ్యాలన్న ప్రశ్న. నన్నడిగితే ఏదీ తీసెయ్యక్కర్లేదు, అటుదిటు మార్చండి. మీ సొంత రౌటర్ వెనక కూడా లాన్ రంధ్రాలు ఉంటాయి. ల్యాప్‌టాప్ నుంచి బావగారి కేబుల్ పీకి ఉన్నచోటే వదిలేసి, మీ రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు చిన్న కేబుల్ వేయండి. వైఫైని మాత్రం కింది బావగారి రౌటర్‌కు కలపండి. కేబుల్‌కు పెద్దపీట వేసే విండోస్ అలవాటు ఇప్పుడు మీకు పనికొస్తుంది. ఏ నంబరూ మార్చకుండానే మీటింగులు, వీపీఎన్, అప్‌డేట్లు అన్నీ మీరు డబ్బు కట్టే నెట్ మీద నడుస్తాయి. కింది వైఫై ప్రింటర్‌కు మాత్రమే పనికొస్తుంది. దానికి స్లాబు దాటి వచ్చే బలహీనమైన సిగ్నల్ అయినా చాలు. ఆ రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫై పేర్లు చూపిస్తే 2.4 పేరుకు కలపండి, గోడలు దాటడంలో 5 కంటే అదే నయం. రౌటర్ చిరునామా మార్చే పని మాత్రం ఈ పద్ధతిలోనూ తప్పదు.

దీనిలో చిక్కులు లేకపోలేదు. కేబుల్ ఉండగా విండోస్ కొన్నిసార్లు వైఫైకి తనంతట తాను కలవదు, చేత్తో కలపాల్సి వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కేబుల్ గుచ్చగానే వైఫై ఆపేసే ఏర్పాటు కూడా ఉంటుంది. అలా అయితే అక్కడ దాన్ని తీసేయాలి. వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇంటి ప్రింటర్‌ను అది అడ్డుకోవచ్చు, వర్క్‌షీట్లు డ్యూటీ అయ్యాక తీసుకోండి. మీ లైను వీధిలో తెగిన రోజు ల్యాప్‌టాప్ మళ్లీ చచ్చిన కేబుల్‌నే పట్టుకుని కూర్చోవచ్చు. అప్పుడు చేత్తో పీకాలి, పీకగానే బావగారి నెట్ మీదికి వెళ్తుంది. అలా వాడొచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి. ఆయన నెట్ పోయిన రోజు సెంటర్‌కు మీది వాడుకొమ్మని మీవారితో చెప్పించండి కూడా. ఆయనకు అది నెలకొక్కసారైనా అక్కరకొచ్చే మాట.

కేబుల్ అటూ ఇటూ మార్చడం కుదరకపోతే, మీవారు చేసినట్టు నంబరే మార్చుకోవచ్చు. వైఫై ప్రాపర్టీస్‌లో ఇంటర్నెట్ ప్రొటోకాల్ వెర్షన్ 4, అడ్వాన్స్‌డ్, అక్కడ ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి వైఫైకి 10, అలాగే కేబుల్‌కు 50 ఇవ్వండి. వెర్షన్ 6 దగ్గర కూడా విడిగా ఇదే చేయాలి. చాలామంది అది మరిచిపోతారు, సగం సైట్లు పాత దారినే పోతుంటాయి. నాకు ఈ పద్ధతి మీద పెద్ద మోజు లేదు. ఆర్నెల్ల తర్వాత డ్రైవర్ మళ్లీ వేసినప్పుడో, ల్యాప్‌టాప్ మారినప్పుడో ఈ నంబర్లు ఎవరికి గుర్తుంటాయి?

కేబుల్ పూర్తిగా తీసేసి వైఫై ఒక్కదానితో బతకడం అన్నిటికంటే సులువు. సాంకేతికంగా తప్పేమీ లేదు. ప్రింట్ కావాలంటే ఫైలు మీ యారాలి వాట్సాప్‌కు పంపి కిందికెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ మీ ఇంట్లో ఆ వైరుకు ఇప్పుడు నెట్ కంటే పెద్ద అర్థం వచ్చేసింది. గొడవ జరుగుతున్న వారంలో దాన్ని చుట్టచుట్టి పక్కన పెడితే అత్తమ్మ మాట నిజం చేసినట్టవుతుంది. తీయాలనుకుంటే బావగారితో మాట కుదిరాక, ప్రింటర్‌కు కింది వైఫై కలుపుకున్నాక తీయండి. అప్పుడు ఎవరూ పట్టించుకోరు.

ఇంటి మొత్తానికి ఒక డ్యుయల్ వాన్ రౌటర్ (బయటి కనెక్షన్లు రెండు పెట్టుకునే రౌటర్) కొని రెండు కనెక్షన్లూ దానికే ఇవ్వమని ఎవరైనా సలహా ఇస్తారు. మంచి వస్తువే. ఒక లైను పోతే రెండోదానికి మారుతుంది, పదిమంది వాడకాన్ని రెండు లైన్లకూ పంచుతుంది. మీ ఒక్క మీటింగ్‌కు మాత్రం వేగం పెంచదు. సరిగా అమర్చకపోతే చిరునామా మారిపోయి బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు మధ్యలో లాగౌట్ చేస్తాయి. ఆన్‌లైన్ సెంటర్‌లో అది జరిగితే కస్టమర్ ముందు బావగారి పరువు పోతుంది. ఆయనే ముందుకొచ్చి అంటే తప్ప మీరు ఎత్తకండి.

రెండు కనెక్షన్లనూ సెలెక్ట్ చేసి "బ్రిడ్జ్" కొట్టమనే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. అది మాత్రం వద్దు. దాంతో స్పీడు కలవదు, కింది నెట్‌వర్కూ పై నెట్‌వర్కూ ఒకటైపోతాయి. రెండు రౌటర్లూ ఒకే గుంపుకు చిరునామాలు పంచడం మొదలుపెడితే సెంటర్ కంప్యూటర్లు కూడా తికమక పడొచ్చు.

ఏం చేసినా ముందు మీ కంపెనీ ఐటీ వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. వీపీఎన్ నడిచే కంప్యూటర్ ఒకేసారి రెండు నెట్‌వర్కుల్లో ఉండటం కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే డ్యూటీ వేళల్లో కింది వైఫై ఆపేసుకోండి, పెద్ద నష్టమేమీ లేదు. మేనేజర్‌కు కూడా కారణం దొరికిందని, సరిచేస్తున్నానని ఒక ముక్క రాయండి.

హాస్టల్ గురించి. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 145 కిలోమీటర్లు. ఉద్యోగంలో ఎదగడానికి, అక్కడ ఉంటే మంచి అవకాశాలు ఉన్నాయని మీరిద్దరూ అనుకుని వెళ్తే నేను కాదనను. పాపను ఎవరు చూస్తారు, ఖర్చెంత, ఎన్నాళ్లు అన్న లెక్కలు కూర్చుని వేసుకోవాల్సిన విషయం అది. కానీ మీ ఉత్తరంలో ఆ కారణాలేవీ లేవు. బావగారి మాటకు వచ్చిన కోపం ఒక్కటే ఉంది. నెట్ చిక్కు తీరాక కూడా వెళ్లాలనే అనిపిస్తే, అప్పుడు మీ వారితో ఆ మాట ఎత్తండి. ఇప్పుడు ఎత్తితే ఆయన దాన్ని అన్నదమ్ముల పంచాయతీగానే వింటారు.

కేబుల్ మార్చడం, రౌటర్ చిరునామా మార్చడం రెండూ సెంటర్ మూసి ఉండే రోజు పెట్టుకోండి. గంటలోపు పని. మీ రౌటర్‌తో పాటు, బయటి తీగ వచ్చి చేరే ఫైబర్ డబ్బా విడిగా ఉంటే దానికి కూడా ఇన్వర్టర్ కరెంటు ఉందో లేదో అదే రోజు చూసుకోండి. ఒకటి ఉండి రెండోది లేకపోతే ఉపయోగం లేదు. సోమవారం మధ్యాహ్నం రద్దీ వేళ టాస్క్ మేనేజర్ తెరిచి, వైఫై గీత నేలబారుగా ఉందో లేదో చూడండి. ఇంకా ఎగురుతుంటే రెండు రౌటర్ల చిరునామాలు, ఆ తెర ఫొటో పంపండి, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దాం.